ఎనిమిదవ తరగతి దాటిన పిదప

(తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మహారాష్ట్రలో జూన్ నెల నడుమ బడులు తెరుచుకుంటాయి. ఆ వారంలో ఏ చిన్న ఉన్నత పాఠశాలలోనైనా, తొమ్మిదవ తరగతి కొత్త హాజరుపట్టీ పక్కన నిరుటి ఎనిమిదవ తరగతి పట్టీని పెట్టి చూసిన ఉపాధ్యాయునికి ఒక సంగతి వెంటనే కనిపిస్తుంది. కొన్ని పేర్లు ఆ పట్టీ నుండి ఈ పట్టీకి రాలేదు. వారిలో కొందరు వేరే బడిలో చేరి ఉంటారు, కొందరు ఊరు మారి ఉంటారు. మిగిలినవారు ఈ నగరంలోనే ఉన్నారు. తండ్రి వెంట కట్టడపు పనికి, మేనమామ దుకాణానికి, తల్లి వెనుక పరుల ఇండ్లలో పనికి పోతున్నారు. వలస వచ్చిన కుటుంబాలలో ఇట్లు జారిపోయే పేర్లను గూర్చియే ఈ ప్రసంగం.

ఎనిమిదవ తరగతి తరువాతనే ఇది ఎందుకు జరుగుతుందో తెలియాలంటే చట్టాన్ని కొంచెం చూడవలసి ఉన్నది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు మొదలు పదునాలుగు సంవత్సరాల వయస్సు గల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చినది. వేరే రాష్ట్రం నుండి వచ్చిన పిల్లవానికి టీసీ ఆలస్యమైనదని బడిలో ప్రవేశం నిరాకరింపరాదు. వాని వయస్సుకు తగిన తరగతిలోనే కూర్చుండబెట్టాలి. మధ్యాహ్న భోజనం ఒకటి నుండి ఎనిమిది వరకు కలదు. బాలభారతి ముద్రించే పాఠ్యపుస్తకాలు ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిది వరకు ఉచితంగా చేతికి వస్తాయి. తొమ్మిదవ తరగతి గడప వద్ద ఈ ఏర్పాట్లన్నీ ఒకేసారి ఆగిపోతాయి. పిల్లవాడు అన్నం ఇంటి నుండి తెచ్చుకోవాలి, పుస్తకాలు కొనుక్కోవాలి, పరీక్ష తప్పితే అదే తరగతిలో మరల కూర్చోవాలి.

సరిగ్గా అదే వయస్సులో మరొక చట్టం వేరొక ద్వారాన్ని తెరుస్తున్నది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం పదునాలుగు సంవత్సరాలలోపు పిల్లలను పనిలో పెట్టుటను నిషేధించినది. కుటుంబపు పనిలో చేదోడు వంటి కొన్ని మినహాయింపులు అందులో ఉన్నవి. పదునాలుగు నిండినవారికి, పదునెనిమిది వరకు, ప్రమాదకరమైన పనులలో మాత్రమే నిషేధం. అనగా బడి హక్కు ఏ పుట్టినరోజున ముగుస్తుందో కూలికి పోవు వీలు ఆ పుట్టినరోజుననే మొదలవుతుంది. పదునాలుగేండ్ల పిల్లవాడు పొడుగు సాగి ఉంటాడు, ఇసుక తట్ట ఎత్తగలడు, సాయంత్రానికి చేతిలో డబ్బు కనబడుతుంది. బడి మాత్రం రెండు సంవత్సరాల తరువాతి ఫలాన్ని చూపుతున్నది. అద్దె కట్టవలసిన తండ్రికి ఆ రెండింటిలో ఏది బరువుగా తోస్తుందో ఊహించుట కష్టం కాదు. ఆ తండ్రిని నిందించి ప్రయోజనం లేదు. లెక్క పూర్తిగా అతని ముందు ఉంచుట మాత్రం అవసరం.

నాందేడ్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. ఈ నగరపు ఘట్టాలను ఒరుసుకొని పోయే గోదావరియే ధర్మాబాద్ తాలూకా దాటి బాసరకు చేరుతుంది. జిల్లాలో ఇంటిపేరు చివర 'వార్' అని ఉన్న కుటుంబాలు ఎన్నో తరాల క్రితపు తెలుగు ఇండ్లే. మగ్గం పనికి, మిల్లు పనికి, సుతారి పనికి తెలంగాణ పల్లెల నుండి వచ్చినవారు వారి తరువాతివారు. 1948 సెప్టెంబరు 17 వరకు నాందేడ్, నిజామాబాద్, ఆదిలాబాద్ ఒకే ప్రభువు ఏలుబడిలో ఉండెను. 1956 నవంబరు 1 వరకు ఒకే రాష్ట్రంలో ఉండెను. హైదరాబాద్ రాష్ట్రపు పదునారు జిల్లాలలో ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. నిజాం కాలంలో ఉన్నత విద్య ఉర్దూలో సాగేది. కనుక తెలుగు తాత, మరాఠీ తాత ఇద్దరూ ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటిగా చదివినవారే. నేటి తెలుగు పిల్లవాని కష్టం ఈ మరాఠ్వాడా గడ్డకు కొత్త కాదు. ఇక్కడి పెద్దలకు అది అనుభవంలో ఉన్నదే.

ఈ ప్రాంతంలో స్వాతంత్ర్యోద్యమాన్ని నడిపిన స్వామి రామానంద తీర్థ మొదట ప్రధానోపాధ్యాయుడు. హిప్పర్గాలోని జాతీయ పాఠశాలలోను, అటుపిమ్మట అంబాజోగాయిలోను ఆయన పిల్లలకు పాఠాలు చెప్పినారు. నాందేడ్‌లో 1950లో పీపుల్స్ కళాశాల ఏర్పడినది ఆయన పూనికతోనే. 1994లో నెలకొన్న ఇక్కడి విశ్వవిద్యాలయం ఆయన పేరనే ఉన్నది. ఆయన శిష్యులలో ఒకరు పి.వి. నరసింహారావు. కరీంనగర్ ప్రాంతపు తెలుగువాడైన పి.వి. పుణెలో, నాగపూర్‌లో చదివి మరాఠీని ఎంతగా వశపరచుకొన్నారనగా, హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం' అను పేర తెలుగులోనికి తెచ్చినారు. మరాఠీలో చదివిన తెలుగు పిల్లవాడు ఎటూ కాకుండా పోతాడని దిగులుపడే తల్లిదండ్రులు ఈ ఉదాహరణను ఒకసారి తలచుకోవచ్చును.

నగరంలోని వజీరాబాద్‌లో జిల్లా పరిషత్ మల్టీపర్పస్ హైస్కూల్ ఉన్నది. ఆ పేరులోని మల్టీపర్పస్ అను మాట వెనుక ఒక చరిత్ర కలదు. ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952లో నియమితమైన మాధ్యమిక విద్యా కమిషన్ మరుసటి సంవత్సరం నివేదిక ఇస్తూ, ఉన్నత పాఠశాల పిల్లలందరినీ ఒకే మూసలో పోయరాదని, విజ్ఞానం, సాంకేతిక విద్య, వాణిజ్యం, వ్యవసాయం, లలిత కళలు, గృహవిజ్ఞానం, మానవీయ శాస్త్రాలు అని ఏడు దారులు తెరవాలని చెప్పినది. బహుళ ప్రయోజన పాఠశాలలు అట్లు పుట్టినవి. ఆ పథకం దేశంలో తలచినంతగా నిలువలేదు. పేరు మాత్రం కొన్ని గేట్ల మీద మిగిలినది. అయినను చిన్న ప్రభుత్వ పాఠశాలలో పుస్తకపు చదువుకు వెలుపల జరిగే కార్యక్రమాలను అదనపు అలంకారంగా చూడరాదన్న ఆ కమిషన్ తలంపు నేటికీ పాతబడలేదు.

ఇక అసలు చిక్కు భాష. నాందేడ్‌లో చేరే తెలుగు పిల్లవాని ముందు ప్రభుత్వ పాఠశాల అనగా ప్రధానంగా మరాఠీ మాధ్యమమే. 2020 నాటి చట్టం ప్రకారం ఏ మాధ్యమంలో చదివినను మరాఠీ నేర్వక తప్పదు. ఈ పిల్లవాడు వెనుకబడినవాడని చాలమంది ముందే తీర్మానిస్తారు. కాని తెలుగు నోటికి మరాఠీ వచ్చినంత సులభంగా అనేక ఉత్తరాది నోళ్లకు రాదు. 'చలి', 'చాప' అనునప్పుడు తెలుగువారు పలికే దంత్య చకారం మరాఠీ 'చాంగలా'లో ఉన్నది. 'కళ'లోని ళకారం మరాఠీలో నిత్యం వినబడుతుంది. వినేవారిని కలుపుకొని 'మనం', విడిచి 'మేము' అను భేదం హిందీలో లేదు. మరాఠీలో 'ఆపణ్', 'ఆమ్హీ' అని స్పష్టంగా ఉన్నది. తెలుగింటి అడకత్తెర మరాఠీ ఇంట 'అడకిత్తా'. ఇన్ని చుట్టరికాలు ఉన్న భాషను మనవడు ఆరు నెలలలో వీధిలోనే పట్టుకుంటాడు.

తట్టుకొని పడేది వేరేచోట. మొదటిది లింగం. తెలుగులో బల్లకు, గోడకు ఆడ మగ భేదం లేదు. మరాఠీలో ప్రతి వస్తువుకు 'తో', 'తీ', 'తే' అను మూడింటిలో ఒకటి ఉండి తీరాలి, అది క్రియను కూడా మార్చుతుంది. వ్యాసంలో మార్కులు ఎక్కువగా ఇక్కడే పోతాయి. రెండవది అంకెలు. తెలుగులో 47ను నలభై ఏడు అంటారు, వ్రాసిన వరుసలోనే పలుకుతారు. మరాఠీలో 'సత్తేచాళీస్' అంటారు. ఏడు ముందు వినబడుతుంది, నలభై తరువాత. 49 అయితే 'ఎకోణ్‌పన్నాస్', అనగా యాభైకి ఒకటి తక్కువ. ఉపాధ్యాయుడు 47 చెప్పగా పిల్లవాడు 74 వ్రాస్తాడు. పైగా మరాఠీ గణిత పుస్తకంలో అంకెలు దేవనాగరి రూపంలో ఉంటాయి. ఈ తికమకను చూసి గణితం రాదని ముద్ర వేయుట అన్యాయం. ఈ ఇబ్బంది మరాఠీ పిల్లలకు సైతం ఉన్నదని గుర్తించియే, మంగళా నార్లీకర్ నాయకత్వంలోని గణిత సమితి 2019లో రెండవ తరగతి పుస్తకంలో 'వీస్ ఏక్', 'వీస్ దోన్' అని పదులను ముందు చెప్పే పద్ధతిని ప్రతిపాదించినది. అది దక్షిణాది భాషల పద్ధతియే. ఆ ప్రతిపాదనపై శాసనసభ వరకు ఎంత వాదం చెలరేగినదో పత్రికలు చదివేవారికి గుర్తుండవచ్చును. ఎనిమిదవ తరగతిలో గణితం తప్పుతున్న పిల్లవాని తల్లి, వాడు లెక్కలో తప్పుతున్నాడా, అంకె వినుటలో తప్పుతున్నాడా అని ఉపాధ్యాయుని ఒక్కమాట అడుగుట మంచిది.

బడి మరాఠీ నేర్పుతున్నది కనుక ఇంట్లో కూడా వచ్చీరాని మరాఠీలో మాట్లాడాలని కొందరు అనుకుంటారు. దాని వలన పిల్లవానికి రెండు భాషలలో ఏదీ నిండుగా రాదు. ఇంట్లో తెలుగు నిండుగా మాట్లాడి, వారానికి రెండు సాయంత్రాలు అక్షరాలు దిద్దించినచో చాలు. మహారాష్ట్రలోనే బాలభారతి తెలుగు పాఠ్యపుస్తకాలను ముద్రిస్తున్నది. ముంబై నగరపాలిక తెలుగు మాధ్యమపు బడులను నడుపుతున్నది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషాపర అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వీలు కల్పింపుమని రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు చెబుతున్నది. అయితే అడిగే పిల్లల సంఖ్య కనబడనిదే ఏ కార్యాలయమూ కదలదు.

ఆ సంఖ్య కనబడవలసిన చోటు బడి జనరల్ రిజిస్టరు. ప్రవేశపు రోజున గుమాస్తా అడిగే ప్రశ్నలకు తొందరలో చెప్పిన జవాబులే అందులో నిలిచిపోతాయి. పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, కులం, మాతృభాష. మాతృభాష అను గడిలో మరాఠీ అని వ్రాయించే తెలుగు కుటుంబాలు ఉన్నవి; సిగ్గుచేతనో, గొడవ ఎందుకనో. ఆ గడి నుండే తెలుగు పిల్లల లెక్క తేలవలసి ఉన్నది. ఇంటిపేరు స్పెల్లింగు, పుట్టిన తేదీ ఆధార్ కార్డులో ఒక విధంగా, బడిలో మరొక విధంగా ఉండుట కూడా తరచు జరిగేదే. బడిలో ఉండగానే సరిదిద్దించుకొనుట మేలు. దాఖలా తీసుకొని వెళ్లిన పిదప అది చాల ప్రయాసతో కూడిన పని.

కులపు గడి ఇంకను జాగ్రత్తగా చూడవలసినది. తెలంగాణలో తీసిన కుల ధ్రువపత్రం మహారాష్ట్ర రిజర్వేషనుకు చెల్లదు. ఇది ఏదో ఒక అధికారి పట్టుదల కాదు. తండ్రి ఉద్యోగరీత్యా ముంబై చేరిన ఒక తెలుగు విద్యార్థి వైద్య కళాశాల సీటు కొరకు వేసిన మర్రి చంద్రశేఖరరావు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో ఈ సూత్రాన్ని స్థిరపరచినది. మహారాష్ట్ర పత్రం కావలెనన్నచో పూర్వులు నిర్ణీత తేదీ నాటికి ఇక్కడ నివసించినట్లు రుజువు కావాలి: షెడ్యూల్డు కులాలకు 1950 ఆగస్టు 10, షెడ్యూల్డు తెగలకు 1950 సెప్టెంబరు 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21, ఇతర వెనుకబడిన తరగతులకు 1967 అక్టోబరు 13. మొదటి రెండు తేదీల నాటికి నాందేడ్, నిజామాబాద్ ఒకే రాష్ట్రంలో ఉన్నవన్నది వేరే ముచ్చట. కార్యాలయం నేటి సరిహద్దునే చూస్తుంది. తాత ఈ జిల్లాలో చదివి ఉన్నచో ఆ పాత బడి ప్రవేశ పుస్తకపు నకలు బంగారంతో సమానం. 2023లో కుణబీ నమోదుల కొరకు న్యాయమూర్తి శిందే సమితి మరాఠ్వాడాలో నిజాం కాలపు దస్తావేజులను వెదకినప్పుడు, బడి రికార్డుల విలువ ఏమిటో అందరికీ తెలిసివచ్చినది. తాతకు అట్టి నమోదు లేని కుటుంబం పదవ తరగతి తరువాతి ప్రవేశాలలో ఏ వర్గం క్రింద పోటీపడాలో ఎనిమిదవ తరగతిలోనే తెలుసుకొని ఉండుట మంచిది. ఫలితాలు వచ్చిన వారంలో తహసీలు కార్యాలయం చుట్టూ తిరిగి తెలుసుకొనే సంగతి కాదు అది.

కార్యక్రమాలలో అన్నింటికంటె ముందు చెప్పవలసినది ఎన్.ఎం.ఎం.ఎస్. ఉపకార వేతనం. దీని పరీక్ష ఎనిమిదవ తరగతిలోనే జరుగుతుంది. మేధాశక్తికి ఒక ప్రశ్నపత్రం, పాఠ్యాంశాలకు ఒక ప్రశ్నపత్రం. ఎంపికైన విద్యార్థికి తొమ్మిది నుండి పన్నెండు వరకు సంవత్సరానికి 12,000 రూపాయలు వాని బ్యాంకు ఖాతాలోనే పడతాయి. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలకు మించరాదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడులలో చదువుతూ ఉండాలి. బడి హక్కు ముగిసే చోటనే ఈ సహాయం మొదలవుతుందన్నది గమనింపదగినది. ఏడవ తరగతి మార్కులు కూడా లెక్కకు వస్తాయి కనుక ఆలోచన ఏడవ తరగతిలోనే మొదలు కావాలి. మహారాష్ట్రలో ఆడపిల్లలకు పన్నెండవ తరగతి వరకు బోధనా రుసుము లేదు. పల్లె నుండి వచ్చే బాలికలకు ఎస్.టి. బస్సులో ఉచిత పాసు కలదు.

చిత్రలేఖనంలో ప్రభుత్వం జరిపే ఎలిమెంటరీ, ఇంటర్మీడియెట్ పరీక్షలు ఉన్నవి. ఇంటర్మీడియెట్ ఉత్తీర్ణులకు పదవ తరగతి ఫలితంలో కొన్ని అదనపు మార్కులు చేరుతాయి. మగ్గం మీద అంచుల పూలు చూస్తూ పెరిగిన ఇంటి పిల్లలకు ఈ పరీక్ష అంత కష్టమేమీ కాదు. అయినను దాని పేరు వినని తల్లిదండ్రులే ఎక్కువ. విజ్ఞాన ప్రదర్శనకు ఒక మంచి ఆలోచన ఇచ్చిన విద్యార్థికి ఇన్‌స్పైర్ మానక్ క్రింద నమూనా తయారుచేసుకొనుటకు 10,000 రూపాయలు లభిస్తాయి. స్కౌటు, ఎన్.సి.సి., ఆటలు ఉన్నచోట వాటినీ వదలుకోరాదు. చిన్న పాఠశాలలో ఒక మేలు ఉన్నది. పెద్ద బడిలో ఏ జట్టులోనూ చోటు దొరకని పిల్లవాడు ఇక్కడ కబడ్డీ జట్టులో, ప్రదర్శనలో, వేదిక మీద కూడా కనబడతాడు. ఒక నష్టమూ ఉన్నది. ఉపాధ్యాయ పదవులు విద్యార్థుల సంఖ్యను బట్టి మంజూరవుతాయి. తొమ్మిదవ తరగతికి రాని ఐదుగురు తమ చదువునే కాక, వెనుక వచ్చే వారి గణిత ఉపాధ్యాయుని కూడా పోగొట్టవచ్చును.

మొదట చెప్పిన లెక్కకు తిరిగి వచ్చినచో, పదవ తరగతి పత్రం దేనికి పనికివస్తుందన్నది తండ్రి అడిగే న్యాయమైన ప్రశ్న. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ శిక్షణకు అది కావాలి. రైల్వేలో నాల్గవ శ్రేణి ఉద్యోగాలకు దరఖాస్తు చేయుటకు అది కావాలి. నాందేడ్ దక్షిణ మధ్య రైల్వేలో ఒక డివిజను కేంద్రమన్నది తెలిసినదే. గల్ఫుకు పోవు వాడుక ఉన్న నిజామాబాద్, జగిత్యాల వైపు కుటుంబాలకు మరొకటి చెప్పవలసి ఉన్నది. పదవ తరగతి ఉత్తీర్ణుని పాస్‌పోర్టు వలస తనిఖీ అవసరం లేని శ్రేణిలోనికి వస్తుంది. ఉత్తీర్ణుడు కాని కూలి, గల్ఫు దేశాలకు పని మీద పోవునప్పుడు ఎమిగ్రేషను అనుమతి తీసుకోవాలి. మోసగాళ్ల చేతిలో పడేవారిలో ఎక్కువమంది ఆ శ్రేణివారే. పదునాలుగేండ్ల వాడు రెండేండ్లలో తెచ్చే కూలి డబ్బును ఒక వైపు, ఇరువదియైదు ఏండ్ల వాడు ఏ పని అడుగగలడన్న దానిని మరొక వైపు పెట్టి ఇంట్లో కూర్చొని మాట్లాడుకోవలసినది.

పదవ తరగతి ఒకసారి తప్పుట చదువుకు ముగింపు కాదు. ఫలితాల తరువాత కొద్ది వారాలకే పూరక పరీక్ష ఉన్నది. నాందేడ్ జిల్లా లాతూరు విభాగపు మండలి క్రిందకు వస్తుంది. మధ్యలో బడి విడిచిన వారు 17వ నంబరు ఫారముతో ప్రైవేటు విద్యార్థిగా పరీక్షకు కూర్చుండవచ్చును. అయితే రోజంతా సిమెంటు మోసి రాత్రి బీజగణితం చదువుట ఎంతటి పనియో చేసి చూసినవారికే తెలుసు. బడిలో ఉండగా సాగే చదువుతో దానికి పోలిక లేదు.

ఈ సంవత్సరం ఎనిమిదవ తరగతిలో పిల్లలున్న తల్లిదండ్రులు ఏప్రిల్‌లో ఊరికి పోకముందే ప్రధానోపాధ్యాయుని కలిసి, తొమ్మిదవ తరగతి ప్రవేశం ఖాయం చేసుకొని వెళ్లగలరు. పదవ తరగతికి పోతున్న పిల్లల పాత పుస్తకాలను తొమ్మిదిలో చేరేవారికి ఇప్పించే ఏర్పాటు ప్రతి బడిలో చేసుకోవచ్చును. ఒక సెట్టు ఒక ఇంటి నుండి మరొక ఇంటికి మారుటకు రూపాయి ఖర్చు లేదు. బాలభారతి పుస్తకాలు మారినచో ఆ సంగతి ఉపాధ్యాయులే ముందుగా చెబుతారు. పెళ్లిళ్లకు, బోనాలకు ఊరికి పోయినవారు పరీక్షల కాలంలోను, జూన్ నడిమి వారంలోను పిల్లలతో నాందేడ్‌లో ఉండునట్లు చూసుకొనవలెనని మనవి. ఆ వారంలోనే కొత్త హాజరుపట్టీలో పేర్లు ఎక్కిస్తారు.